చలికి తట్టుకోలేనివాళ్లు శీతాకాలం గడపడం ఎలా: మన ఇళ్లకు సరిపడే పద్ధతులు

మన ఇళ్లు ఎండాకాలం కోసం కట్టినవి. చల్లటి గ్రానైట్ గచ్చు, గోడ పైభాగాన వెంటిలేటర్లు, తలుపు కింద వేలెడు సందు, ప్రతి గదిలో ఫ్యాను. మే నెలలో ప్రాణం నిలబెట్టేవి ఇవే. పుష్యమాసం వచ్చేసరికి ఒంట్లో వేడిని లాగేసేవీ ఇవే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, ఇటు లంబసింగి, పాడేరు, అరకు వైపు రాత్రి ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగడం మామూలే. హైదరాబాద్ శివార్లలో కూడా పది లోపుకు వెళ్లే రాత్రులు ఉంటాయి. చలిదేశాల్లో బయట మంచు పడుతున్నా ఇల్లు వెచ్చగా ఉంటుంది. మన దగ్గర బయట చలి తక్కువే, కానీ తెల్లవారుజామున ఇంట్లోనూ దాదాపు అంతే చలి. అందుకే సన్నగా ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, రక్తం తక్కువగా ఉన్నవాళ్లు "ఇంట్లో కూర్చున్నా ఇగం పెడుతోంది" అంటారు. వాళ్లు అనేది నిజమే. "ఈ మాత్రం చలికేనా" అని కొట్టిపారేయకండి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో 80 నుంచి 100 వాట్ల దాకా వేడి పుడుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి వెలుగుతున్నంత. ఆ వేడి పోయే దారులు ముఖ్యంగా మూడు: కింద నేల, చుట్టూ గాలి, ఒంటి మీద తడి. ఈ మూడింటినీ మూస్తే చాలావరకు హీటరుతో పనిలేదు. అయితే మూయాల్సింది చలి పుట్టాక కాదు, పుట్టకముందే. ఒకసారి వేళ్లు చల్లబడ్డాయంటే అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఆ తర్వాత ఎన్ని కప్పుకున్నా వేడి అక్కడికి చేరడానికి చాలాసేపు పడుతుంది.

ముందు గది సంగతి చూడండి

గది ఎంత చల్లగా ఉందో తెలుసుకోవడానికి కొబ్బరినూనె సీసా చాలు. అది గడ్డకట్టడం మొదలైతే గది 24 డిగ్రీల కిందికి దిగినట్టు. కానీ 22కూ 15కూ తేడా అది చెప్పలేదు కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక చిన్న గది థర్మామీటరు కొని వాళ్ల మంచం దగ్గర గోడకు తగిలించండి. ఇంట్లో ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వృద్ధులు పడుకునే గదిని ఆ అంకెతో పోల్చి చూసుకోండి.

ఇల్లంతా వెచ్చగా ఉంచాలనుకోకండి, ఒక్క గది ఎంచుకోండి. శీతాకాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీ ఉన్న గది మంచిది. పడమర గోడకు సాయంత్రం దాకా ఎండ తగిలే గదైనా సరే. ఉదయం పది నుంచి నాలుగు దాకా కర్టెన్లు పూర్తిగా తీసి ఎండను నేల మీద, మంచం మీద పడనివ్వండి. నాలుగున్నరకల్లా కిటికీలు మూసి కర్టెన్లు లాగేయండి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. దీపాలు పెట్టే వేళ దాకా తలుపులు బార్లా తెరిచి, చలి లోపలికి వచ్చాక మూస్తారు. అప్పుడు మూస్తే లోపల మిగిలేది చలే.

తలుపు కింది సందుకు పాత చీరను బిగుతుగా చుట్ట చుట్టి అడ్డంగా పెట్టండి. చుట్ట జారిపోతుంటే పాత ప్యాంటు కాలు కోసి, అందులో ఇసుకో గుడ్డపీలికలో నింపి రెండు కొసలూ కుట్టేయండి, అది కదలదు. కిటికీ రెక్కల సందుల్లోంచి గాలి వస్తోందో లేదో అగరొత్తి వెలిగించి చూడండి, పొగ ఎటు వంగితే గాలి అటు పోతున్నట్టు. వెంటిలేటరుకు అట్టముక్క కోసి బిగించవచ్చు. కానీ గదికి కనీసం ఒక గాలిదారి ఉండాల్సిందే. వంటగ్యాసు, కుంపటి, గ్యాస్ గీజరు ఉన్నచోట వెంటిలేటరును ఎప్పుడూ మూయకండి.

ఇక ఫ్యాను. చలికాలంలోనూ దోమల కోసం ఫ్యాను వేసుకుని, దాని కింద రెండు రగ్గులు కప్పుకుని పడుకునే ఇళ్లు లెక్కలేనన్ని. ఒంటి చుట్టూ వెచ్చబడిన గాలి పొరను ఫ్యాను క్షణక్షణం ఊడ్చేస్తుంది. ఫ్యాను ఆపి దోమతెర కట్టండి. దోమలూ రావు, తెర లోపల గాలి కూడా పెద్దగా కదలదు. పత్తి దోమతెర అయితే నైలాన్ దాని కంటే వెచ్చగా ఉంటుంది. మూసిన గదిలో దోమలచుట్ట మాత్రం వద్దు.

పడక: కప్పుకునేదానికన్నా పరుచుకునేది ముఖ్యం

పైన మూడు దుప్పట్లు కప్పుకున్నా నడుము, భుజాలు చల్లగా ఉన్నాయంటే చలి కింది నుంచి వస్తున్నట్టు. మన బరువుకు కింది పరుపు అణిగిపోతుంది. అణిగిన దూదిలో గాలి ఉండదు, గాలి లేనిచోట వెచ్చదనం నిలవదు. నవారు మంచం, నులక మంచం మీద పడుకునేవాళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ, కింది నుంచి గాలి నేరుగా తగులుతుంది. నేల మీద చాప ఒక్కటే వేసుకుంటే రాత్రంతా గచ్చు వేడిని లాగుతూనే ఉంటుంది.

పరిచే వరుస ఇలా ఉండాలి. మంచం మీద ముందు చాప లేదా నాలుగైదు పొరల న్యూస్‌పేపర్లు. దాని మీద పరుపు. పరుపు మీద దళసరి బొంత. పాత చీరలతో కుట్టిన బొంత అన్నిటికన్నా బాగుంటుంది, పొర మీద పొర ఉండి తొందరగా అణగదు. బొంత మీద నూలు దుప్పటి. నేల మీద పడుకోక తప్పకపోతే చాప కింద జానెడు మందాన వరిగడ్డి పరవండి, పల్లెల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. రెండు వారాలకొకసారి గడ్డి మార్చాలి, తేమ పట్టిన గడ్డి చల్లబడుతుంది, పురుగూ చేరుతుంది.

కప్పుకునేటప్పుడు ఒంటికి ముందు మెత్తటి నూలు దుప్పటి, దాని మీద గొంగడి లేదా ఉన్ని రగ్గు, అన్నిటికన్నా పైన సన్నటి, గట్టి నేత దుప్పటి. ఈ పైదాన్ని చాలామంది వదిలేస్తారు. ఉన్ని రగ్గులో గాని మెత్తటి ఫ్లీస్ దుప్పటిలో గాని వెచ్చటి గాలి నిలుస్తుంది, కానీ బయటి గాలి వాటిలోంచి దూరిపోతుంది. పైన ఒక గట్టి నేత పొర ఉంటే దూరదు. కాళ్లవైపు దుప్పట్లన్నీ పరుపు కిందికి మడవండి. మెడ దగ్గర సందు ఉంటే ఒక శాలువాను మెడ చుట్టూ వదులుగా వేసుకోండి.

గొంగడి గురించి ఒక మాట. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడి గరుకుగా ఉంటుందని పక్కన పడేస్తున్నారు. ఉన్ని కొంత తేమ పీల్చుకున్నా వెచ్చదనం చాలావరకు పోగొట్టుకోదు. మంచు కురిసే రాత్రి పొలం కాపలాకు వెళ్లేవాళ్లు దాన్నే కప్పుకోవడానికి కారణం అదే. అడుగున నూలు దుప్పటి ఉంటే గరుకుదనం తెలియనే తెలియదు. బజార్లో ఉన్ని పేరుతో అమ్మే రగ్గులు, స్వెట్టర్లు చాలావరకు ఆక్రిలిక్. వెచ్చగానే ఉంటాయి, కానీ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. కొనేముందు లోపలి చీటీ చదవండి.

వేడినీళ్ల సంచి

చలికి తట్టుకోలేనివాళ్లకు ఇంతకన్నా చవకగా, మేలుగా పనిచేసేది ఇంకొకటి లేదు. అయితే వాడే పద్ధతి సరిగ్గా ఉండాలి.

1. నీళ్లు మరిగించి ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. సలసల కాగేవి నేరుగా పోస్తే రబ్బరు త్వరగా పాడవుతుంది, చెయ్యీ కాలుతుంది.
2. సంచిలో మూడింట రెండు వంతులే నింపండి. బల్ల అంచున ఆనించి, నీళ్లు మూతి దాకా వచ్చేలా నెమ్మదిగా నొక్కి లోపలి గాలి బయటకు పోనివ్వండి. గాలి మిగిలితే సంచి ఉబ్బి బిరడా దగ్గర ఒత్తిడి పెరుగుతుంది.
3. బిరడా బిగించి, తలకిందులు చేసి కారుతోందేమో చూడండి. తువ్వాలు చుట్టండి.
4. పడుకోవడానికి ఇరవై నిమిషాల ముందు దుప్పట్ల కింద, కాళ్లు పెట్టే చోట ఉంచండి. పడుకున్నాక పక్కకు జరపండి.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, పసిపిల్లలు పడుకున్నాక సంచి పడకలో ఉండకూడదు. కాలుతున్నట్టు వాళ్లకు తెలియదు, తెల్లారి చూస్తే బొబ్బ ఉంటుంది. పడకను వేడిచేసి తీసేయడమే వాళ్లకు పద్ధతి. రబ్బరు మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ సంచిని పారేయండి. ఎలక్ట్రిక్ దుప్పటికీ ఇదే నియమం: వేడిచేయడానికి వాడి, పడుకునే ముందు ఆపేయండి, మడతపెట్టి ఎప్పుడూ ఆన్ చేయకండి.

ఒంటి మీద

ఒక లావు స్వెట్టరు కన్నా రెండు మూడు పల్చటి పొరలు మేలు. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం. అన్నిటికన్నా లోపల ఒంటికి అంటుకుని ఉండే థర్మల్ లేదా బనియను, దాన్ని లోపలికి దోపుకోవాలి. దాని మీద స్వెట్టరు. బయటికి వెళ్తే పైన గాలి చొరబడని విండ్‌చీటరు. పని చేసి చెమట పట్టిందంటే లోపలి బనియను మార్చాల్సిందే. చెమటకు తడిసిన నూలు బట్ట తొందరగా ఆరదు, పని ఆపగానే వెన్ను జల్లుమంటుంది.

చీర కట్టుకునేవాళ్లకు నడుము, వీపు కింది భాగం ఖాళీగా ఉంటాయి, చలి మొదట పట్టేది అక్కడే. స్వెట్టరు పైన వేసుకున్నా అది కప్పేది భుజాలనే. జాకెట్టు లోపల పొడుగు చేతుల థర్మల్ వేసుకుని దాని అంచును లంగాలోకి దోపండి, లంగా లోపల లెగ్గింగ్స్ వేసుకోండి. ఈ రెంటితో వచ్చే తేడా శాలువాతో రాదు. పొయ్యి దగ్గర శాలువా, వేలాడే కొంగు ప్రమాదం. ముంజేతుల దగ్గర బిగుతుగా ఉండే నూలు లేదా ఉన్ని స్వెట్టరు వేసుకోండి. అంట్లు తోమేటప్పుడు రబ్బరు గ్లౌజులు వాడండి. చన్నీళ్లలో పావుగంట నానిన చేతులు మామూలు వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది.

ఇక పాదాలు. గ్రానైట్, మార్బుల్ మీద ఉత్త కాళ్లతో నిలబడితే మిగతా ఒళ్లంతా కప్పుకున్నా లాభం తక్కువ. ఇంట్లోకి విడిగా చెప్పులు పెట్టుకోండి. ఇంట్లో చెప్పులేమిటని పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే వంటగట్టు ముందు, కుర్చీ ముందు, మంచం పక్కన దళసరి పట్టాలు పరవండి. చల్లబడిన పాదానికి సాక్సు తొడిగితే ఆ చల్లదనాన్నే మూటగట్టినట్టవుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లలో పదినిమిషాలు పాదాలుంచి, వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా తుడిచి, కొంచెం నువ్వులనూనె రాసి, అప్పుడు తొడగండి. నీటి వేడిని మోచేత్తో చూడాలి. పాదంలో స్పర్శ లేనివాళ్లకు ఇంకెవరైనా చూసి చెప్పాలి. రెండు జతలు బిగించి వేసుకోకండి. వేళ్లు లోపల కదలాలి, లేకపోతే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. పగలంతా వేసుకున్న సాక్సులతో పడుకోకండి, వాటిలో చెమట ఉంటుంది. పెద్దవాళ్లు ఉత్త సాక్సులతో టైల్సు మీద నడిస్తే జారిపడతారు. అడుగున రబ్బరు చుక్కలున్నవి కొనండి.

స్నానం

వెచ్చబడిన మనిషిని తిరిగి చలిలోకి నెట్టేది స్నానమే, అదీ నీళ్లు పోసుకునేటప్పుడు కాదు, అయ్యాక. తడి ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. తెల్లవారుజామున కాకుండా ఎండ పైకి వచ్చాక, తొమ్మిది పది మధ్య చేయండి. తలస్నానమైతే పదకొండు దాటాక, ఎండలో జుట్టు ఆరబెట్టుకునే వీలుండేలా. స్నానాలగదిలోకి వెళ్లగానే ముందు ఒక చెంబుడు వేడినీళ్లు గచ్చు మీద పోయండి, పాదాలకు జిల్లుమనదు. ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించి, తలుపు తీయకముందే లోపలే పూర్తిగా తుడుచుకుని బట్టలు వేసుకోండి. తువ్వాలు చుట్టుకుని హాల్లోకి రావడం వల్లే సగం మందికి వణుకు మొదలవుతుంది. నీళ్లు మరీ వేడిగా ఉంటే చర్మం పొడిబారి పగులుతుంది, ఒంటికి గోరువెచ్చనే చాలు.

నీళ్లు కాచే రాడ్ వాడితే, 1500 వాట్ల రాడ్‌తో 20 లీటర్ల బకెట్టు 20 డిగ్రీల నుంచి 45కు రావడానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది. ముందు రాడ్ నీళ్లలో పెట్టి తర్వాత స్విచ్ వేయాలి. తీసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, తర్వాతే రాడ్ తీయాలి, నీళ్లలో వేలు పెట్టి చూడటం కూడా అప్పుడే. ఇనప, అల్యూమినియం బకెట్లు వద్దు.

హీటరు, కుంపటి

1000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ కాలుస్తుంది. పది అడుగుల గదికి అది చాలు. పడుకునే ముందు గంట, లేచాక అరగంట వేసుకుంటే సరిపోతుంది, రాత్రంతా అక్కర్లేదు. సందులు మూయలేని పెద్ద గదిలో ఎర్రగా వెలిగే రాడ్ హీటరు నయం, అది గాలిని కాకుండా ఎదురుగా ఉన్న మనిషిని వేడిచేస్తుంది. మూసి ఉండే చిన్న గదిలో నూనె నింపిన రేడియేటరు బాగా పనిచేస్తుంది. 2000 వాట్లదైతే పెద్ద పిన్నుల 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఏ హీటరూ పెట్టకండి. వేసిన పావుగంటకు ప్లగ్‌ను తాకి చూడండి. వేడిగా ఉంటే లోపల బిగువు లేదన్నమాట, ఆపేసి సాకెట్ మార్పించండి. కర్టెన్లు, దుప్పట్లు మూడు అడుగుల దూరంలో ఉండాలి. హీటరు మీద బట్టలు ఆరేయకండి.

బొగ్గుల కుంపటిని పడకగదిలో పెట్టి తలుపులు వేసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ప్రతి ఏడూ ఇలా కుటుంబాలు పోతున్నాయి. బొగ్గులు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. పొగ ఆగిపోయి నిప్పులు ఎర్రగా ఉన్నాయి కదా, ఇక భయం లేదనుకుంటారు. విషవాయువు అప్పుడు కూడా వస్తూనే ఉంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ పైన లేవలేకపోవడం. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ తలనొప్పి కూడా తెలియదు. స్నానాలగదిలో గ్యాస్ గీజరు వల్ల జరిగేదీ ఇదే. చలిమంట ఆరుబయటే వేయండి, వీపుకు గొంగడి కప్పుకుని కూర్చోండి, టైర్లు, ప్లాస్టిక్ అందులో పడేయకండి. ఎవరైనా కుంపటి గదిలో మత్తుగా కనిపిస్తే ముందు తలుపులు తెరిచి వాళ్లను బయటికి లాగి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

తిండి, తెల్లవారుజాము, రోడ్డు

తక్కువ తింటే వేడీ తక్కువే పుడుతుంది. అందరికీ వడ్డించి చివరికి చల్లారిన అన్నం తినే ఇల్లాలికి ఇంట్లో అందరికన్నా ఎక్కువ చలి వేయడంలో వింత లేదు. చలికాలంలోనైనా ఆమె అందరితో పాటు వేడిగా తినాలి. రాత్రికి జొన్నరొట్టె లేదా సజ్జరొట్టె, పప్పు, మిరియాల చారు లేదా ఉలవచారు, సాయంత్రం ఒకటి రెండు నువ్వుల ఉండలు. రక్తం తక్కువున్నవాళ్లు భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ తాగకపోవడం మంచిది, అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది తప్పు. చర్మంలోని నాళాలు విచ్చుకుని వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది.

రోజులో అతి చల్లటి వేళ సూర్యోదయం ముందూ వెనకా. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు నడకను ఎండ వచ్చాకే పెట్టుకోవాలి. చలికి నాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. రాత్రి లేచేవాళ్లు చెప్పులు, శాలువా మంచం పక్కనే పెట్టుకుని, లేచి ఒక నిమిషం కూర్చుని, వేసుకున్నాకే కదలండి.

తెల్లవారుజామున బండి మీద వెళ్లేవాళ్లు చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య ఛాతీ మీద రెండు న్యూస్‌పేపర్లు పెట్టుకుంటే గాలి దూరదు. చేతులకు గ్లౌజులు, మెడకు మఫ్లరు, దాని కొసలు లోపలికి. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు సరిగ్గా పట్టలేరు. బండి ఆపి, రెండు చేతులూ భుజం నుంచి గుండ్రంగా పాతికసార్లు గట్టిగా తిప్పండి, రక్తం వేళ్ల కొసల దాకా వెళ్తుంది.

ఇంత చేసినా చలి తగ్గకపోతే

అప్పుడు అది వాతావరణం కాకపోవచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్, షుగరు పరీక్షలు చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష మొదట చేయించాల్సింది. స్త్రీలకు 12, పురుషులకు 13 గ్రాముల కన్నా తక్కువైతే వైద్యం అవసరం. చలితో పాటు బరువు పెరగడం, మలబద్ధకం, నీరసం ఉంటే థైరాయిడ్‌ను అనుమానించాలి. చలి తగలగానే వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారుతుంటే డాక్టరుకు చూపించండి. బీపీకి, గుండెజబ్బుకు వాడే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మందుల వల్ల కూడా చేతులు కాళ్లు చల్లబడతాయి. వాటిని సొంతంగా మానేయకుండా రాసిన డాక్టరునే అడగండి.

వణుకుతున్న పెద్దవాళ్లలో వణుకు ఆగిపోయి, మాట తడబడి, మగతగా ఉంటే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. తడిబట్టలు తీసి, పొడి రగ్గులు చుట్టి, 108కి చెప్పండి. కాళ్లు చేతులు గట్టిగా రుద్దకండి.

శివరాత్రి దాటాక

శివరాత్రికి చలి "శివశివా" అంటూ పోతుందంటారు. గొంగడి, ఉన్ని రగ్గులు అప్పుడే సర్దండి. చన్నీళ్లలో కుంకుడు రసం కలిపి అరగంట నానబెట్టి, పిండకుండా నొక్కి నీళ్లు తీసి, నీడలో పరిచి ఆరబెట్టండి. పిండి తీగ మీద వేస్తే సాగిపోతాయి. పూర్తిగా ఆరాక ఎండు వేపాకు మడతల్లో వేసి, పాత నూలు చీరలో చుట్టి పెట్టెలో పెట్టండి. పాలిథిన్ సంచిలో పెడితే తేమ నిలిచి బూజు పడుతుంది. వేడినీళ్ల సంచిని తలకిందులుగా వేలాడదీసి రెండు రోజులు ఆరనిచ్చి, లోపలికి కొంచెం గాలి ఊది బిరడా పెట్టండి. లేకపోతే ఎండాకాలం వేడికి లోపలి రబ్బరు గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.